నీరు తేరిన నెలలు



శరదృతువు పేరు వినినంతనే కవులకు వెన్నెలయు, రెల్లుపూలును, తేటపడిన నీరును స్ఫురించును. గౌతమీతీరమున పడవమీద బ్రతుకు వెళ్లబుచ్చు మావంటివారికి మాత్రము శరత్తనగా ముందుగా దోచునది ఇసుకమేట. ఆషాఢము మొదలు భాద్రపదము వఱకు గోదావరి యెఱ్ఱబడి, పొంగి, గట్లనొరసికొని పాఱును. ఆశ్వయుజము ప్రవేశించుసరికి నీరు తీసి, తేరి, పాయలోనికి దిగును. కాని ఆ పాయ నిరుటి పాయ కాదు. నిరుడు పడవ నడచినచోట ఈయేడు మోకాలిబంటి నీరు, దానిక్రింద ఇసుక. నిరుడు పిల్లలు చెడుగుడు ఆడిన తిన్నెయున్నచోట ఈయేడు గడకందని లోతు. ఏటేట శరత్తున పడవవాడు తాను పుట్టి పెరిగిన నదిని మరల మొదటినుండి నేర్చికొనవలసినదే. మా మామగారు డెబ్బదియేండ్ల వయస్సున గూడ ఇట్లే నేర్చికొనుచుండిరి.

విశ్వావసు సంవత్సరపు శరత్తు, అనగా 2025వ సంవత్సరపు అక్టోబరు, నవంబరు నెలలు, మాయింట మఱియొక కారణముచేత గూడ మఱపురానివైనవి. మా పిల్లలిద్దఱును ఇంటనుండిన కడపటి శరత్తు అదియే. రాబోవు వేసవి గడచినంతనే ఇద్దఱును చదువులకై చెఱియొక యూరికి పోవుదురు. పిల్లలను దూరము పంపనున్న తల్లులు మీలో ననేకులుందురు. వారియిండ్లలో పడవ యుండకపోవచ్చును. అయినను మాయింట జరిగిన ముచ్చట వారికి కొంత పనికివచ్చునేమో యని ఈ నాలుగు మాటలును వ్రాయుచున్నాము.

మాయిల్లు కోటిపల్లికిని యానామునకును నడుమ, గౌతమిలోనున్న యొక చిన్న లంకలో నున్నది. ధవళేశ్వరమునకు దిగువ గోదావరి రెండుగా చీలి తూర్పున గౌతమియు, పడమట వసిష్ఠయు నగుననియు, వసిష్ఠనుండి వైనతేయ యను మఱియొక పాయ చీలుననియు, ఈ పాయల నడుమనున్న పచ్చనినేలయే కోనసీమ యనియు మీరెఱుంగుదురు. నదిమధ్యమున ఒండ్రుచే నేర్పడిన దీవులను మేము లంకలందుము. మా లంకలో అరటియు, కొబ్బరియు, కూరగాయలును సమృద్ధిగా పండును. అచ్చట లేనివి మూడు: ఆసుపత్రి, హైస్కూలు, వంతెన. పాలక్యానులు, అరటిగెలలు, కొబ్బరికాయలు, బడిపిల్లలు, పెండ్లివారు, రోగులు, అందఱును అన్నియు పడవ యెక్కి యొడ్డు చేరవలసినదే. అట్టి పడవ మాది. ఇరువదియెనిమిది అడుగుల కొయ్యపడవ. లోతునీటిలో చిన్న డీజిలింజనుతోను, మెరకనీటిలో వెదురుగడతోను నడచును.

మా మామగారి తాతగారు పెద్ద తెరచాపపడవకు సరంగుగా నుండిరట. ధవళేశ్వరపు ఆనకట్ట 1847లో ఆరంభింపబడి 1852లో పూర్తియైనది. కాటను దొరగారు దానినుండి త్రవ్వించిన కాలువలు పొలములకు నీరిచ్చుటకే గాక పడవలు నడచుటకును ఉద్దేశింపబడినవి. లాకులలో నీటిని ఎక్కించుచు దించుచు, గాలి లేనప్పుడు గట్టువెంబడి నడచి త్రాటితో లాగుచు, ధాన్యపుపడవలను కాకినాడకు, ఏలూరునకు, బెజవాడకు గొనిపోవుచుండెడివారు. అటనుండి బకింగుహాము కాలువమీదుగా చెన్నపట్టణము చేరెడి పడవలును గలవు. తరువాత లారీలు వచ్చినవి. 1974లో రాజమహేంద్రవరమునకును కొవ్వూరునకును నడుమ రైలు రోడ్డు వంతెనయు, 2002లో యానామునకును ఎదుర్లంకకును నడుమ వంతెనయు తెఱవబడినవి. వంతెన వచ్చినచోట రేవు చిన్నబోవుట సహజము. 2008లో ఈ పాత కాలువలను, గోదావరీ కృష్ణలను గలిపి నాలుగవ జాతీయ జలమార్గమని ప్రకటించిరి గాని, మా యెదుటి కాలువలో ధాన్యపుపడవ మాకు మరల కానరాలేదు. వంతెనలవలన ప్రజలకు గలిగిన మేలు ఇంతయంత గాదు. మేమును బస్సెక్కి వానిమీదనే పోవుచుందుము. అయినను మా వంశమున పడవ నడుపువారు మావారితోనే ఆఖరు గావచ్చునను సంగతి, ఎవ్వరును పైకి అనకున్నను, మాయింట అందఱికిని తెలిసినదే.

మాకిద్దఱు పిల్లలు. పెద్దది అమ్మాయి, పదునేడేండ్లది, ఇంటరు రెండవ సంవత్సరము చదువుచున్నది. చిన్నవాడు పదవ తరగతి. ఇద్దఱును అక్షరములకంటె ముందు ఈత నేర్చిరి. పీచు ఒలువని రెండు ఎండుకొబ్బరికాయలను జంటగా గట్టి, వానిని చంకలక్రిందనుంచి, మావారు పిల్లలను నిలువులోతులో విడిచెడివారు. కొన్నాళ్లకు కాయలను విప్పెడివారు. ఆ విప్పిన దినమున మేము ఒడ్డున నిలువలేక యింటిలోనికి పోయి బియ్యము చెఱుగుచు కూర్చుండెడివారము.

నదినిగూర్చి మాయింట మూడు నియమములు గలవు. మొదటిది, నీరు ఎఱ్ఱగా నున్నంతకాలము ఎంత ఈతగాడైనను ఒంటరిగా దిగరాదు. రెండవది, పడవ రేవు విడుచుటకు ముందే అందఱును లైఫ్ జాకెట్లు తొడిగికొనవలెను. ఉక్కపోయుచున్నదని నడుమ విప్పరాదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు పోవుచున్న పర్యాటకుల పడవ కచ్చులూరు వద్ద వరదనీటిలో మునిగి, ఏబదిమంది వఱకు ప్రాణములు గోలుపోయినప్పుడు, బ్రతికి బయటపడినవారిలో పలువురు జాకెట్లు తొడిగికొనినవారే యని పత్రికలలో చదివితిమి. నాటినుండి మా పడవలో జాకెట్టు లేనివారికి చోటు లేదు. లంకలోని పెద్దలు మొదట నవ్విరి, ఇప్పుడు నవ్వరు. మూడవ నియమము, పడవ నీటిలో నున్నంతసేపు చుక్కాని పట్టినవారి మాటయే మాట. వారు చిన్నవారైనను సరియే, పెద్దలు ఎదురాడరాదు. ఈ మూడవదియే మాకు తరువాత బాగుగా అక్కఱకు వచ్చినది.

శరత్తున పాయ వెదకు విధము నదికి దూరముగా నుండువారికి తెలియకపోవచ్చును గనుక చెప్పుచున్నాము. గాలి లేవకముందే, తెల్లవాఱుజామున బయలుదేఱవలెను. అమరమున ఒకరు చుక్కాని పట్టుదురు. అణియమున ఒకరు గడ వేయుదురు. గడకు మూరకొకచోట పసుపుగుడ్డ పీలిక కట్టియుండును. గడ వేసినవారు లోతు బిగ్గఱగా చెప్పుచుందురు. నీటి పైచర్మము సన్నగా ముడుతలు పడుచున్నచో క్రింద మెరక యున్నదని గుఱుతు. నునుపుగా, నల్లగా, బరువుగా కదలుచున్నచో లోతు. మేట అంచున వెదురుకఱ్ఱ నాటి, దానికి తాటాకు కట్టుదురు. ఇట్లు వారము పదిదినములు తిరిగినగాని రేవునుండి రేవునకు దారి తేలదు.

ఏటేట మావారు గడ వేయుచు, పిల్లలు చూచుచుండెడివారు. ఈ మాఱు భాద్రపదమున అరటిగెలలు దించునప్పుడు మావారి కుడిభుజము బెణికి, మూడునెలలు బరువెత్తరాదని వైద్యుడు కట్టడచేసెను. అందుచే ఆశ్వయుజమున పాయ వెదకు పని పిల్లలిద్దఱిమీద బడినది. అబ్బాయి చుక్కాని, అమ్మాయి గడ. మావారు నడుమ పలకమీద కూర్చుండి, చెప్పవలెనని నోటిదాక వచ్చిన మాటను మ్రింగుచుండిరి. మూడవనాటికి ఆయనకు చెప్పవలసినదేమియు లేకపోయెను. ఆ సాయంకాలము భోజనమువేళ, "దీని గడ మా నాన్నగారి గడవలె పడుచున్నది" అని మాత్రమనిరి. ఆ మాటలో సంతోష మెంతయున్నదో, బెంగయు నంతయే యున్నది.

ఏలననగా, అమ్మాయి నర్సింగు చదువునకై విశాఖపట్టణము పోవలెనని పట్టుదలతో నున్నది. అబ్బాయి పదవ తరగతి కాగానే పాలిటెక్నిక్కులో చేరి, యంత్రముల పని నేర్తుననుచున్నాడు. వానికి ఇంజను విప్పి మరల బిగించుటకంటె ప్రియమైన యాట లేదు. వాని సంగతి ఎవ్వరును ఆక్షేపింపలేదు. కాకినాడ దగ్గఱ; ఆదివారములకు వచ్చిపోవచ్చును; మగపిల్లవాడు. చిక్కంతయు అమ్మాయి విషయముననే వచ్చినది.

ఆ పిల్లకు ఈ కోరిక యెట్లు పుట్టినదో చెప్పవలెను. 2022 జూలైలో గోదావరికి గొప్ప వరద వచ్చినది. ధవళేశ్వరము వద్ద నీరు 11.75 అడుగులకు వచ్చినప్పుడు మొదటి ప్రమాదహెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది యిత్తురు. ఆ యేడు మూడవ హెచ్చరికయు దాటి, 25 లక్షల క్యూసెక్కులకు మించిన నీరు సముద్రమునకు పోయినది. 2006 ఆగస్టు వరద తరువాత అంతటి వరద మేమెఱుంగము. లంకలోని అరటితోటలు ఆకులవఱకు మునిగినవి. ఆ రాత్రులలో నొకనాడు మా పొరుగింటి కోడలికి, నెలలు నిండిన మనిషికి, నొప్పులు వచ్చినవి. మావారు పడవ తీసిరి. ఆశా కార్యకర్త యొకతె వెంటవచ్చినది. పదునాలుగేండ్ల మా యమ్మాయి బ్యాటరీదీపము పట్టుకొని అణియమున కూర్చుండి, కొట్టుకొనివచ్చు చెట్లను చూచి కేకవేయుచు దారి చూపినది. ఒడ్డుచేరి, 108 వాహనము తలుపు మూసికొనువఱకు ఆ తల్లి మా పిల్ల చేయి విడువలేదట. తెల్లవాఱి మగపిల్లవాడు పుట్టెనను వార్త వచ్చినది. ఆ దినమున అమ్మాయి, "అమ్మా, పడవలో ఆమెకు నేను చేయి ఇవ్వగలిగితిని గాని, ఏమి చేయవలెనో నాకు తెలియదు గదా" అని యన్నది. ఆ మాటనే మూడేండ్లుగా పట్టుకొని చదువుచున్నది.

మా అత్తగారు ఈ ప్రయాణమునకు బొత్తిగా ఒప్పుకొనలేదు. ఆమె చెడ్డమనిషి కాదు. లంకలో ఆమెచేతి మందు త్రాగని బిడ్డ లేడు. "రేవు దాటిన డిగ్రీకాలేజీ యున్నది గదా, అమ్మాయీ! ప్రొద్దున పోయి సాయంకాలము వచ్చును. కన్నపిల్లను కంటికి కనబడని యూరిలో విడిచి, ఇక్కడ మనము అన్నము తిందుమా?" అని మాతో ననెను. మావారు తల్లి మాటకు ఎదురాడువారు కారు. మాకును లోలోపల ఆమె మాటయే తీపిగా నుండినది. కూతురు ఇంటనుండిన బాగుండునని ఏ తల్లికి నుండదు?

అయితే మేమొక సంగతి ఆలోచించితిమి. వరదరాత్రి నదిమధ్యమున ఈ పిల్ల కన్నులను నమ్మి మావారు పడవ నడిపిరి. ఆ తల్లి ప్రాణము, బిడ్డ ప్రాణము, మావారి ప్రాణము ఆ చేతిదీపమున నుండినవి. అప్పుడు తగినదైన పిల్ల, హాస్టలులో నొక మంచమును, మెస్సులో నొక కంచమును చూచికొనుటకు తగదా? భయము పిల్లదికాదు, మనది. మన భయమునకు పిల్లచేత మూల్యమిప్పించుట న్యాయమగునా? ఈ ప్రశ్నను మేము అత్తగారి నడుగలేదు. పెద్దలకు ప్రశ్నలు గ్రుచ్చుకొనును. కాలము తోడురాదా యని యూరకుంటిమి.

దీనితోపాటు మఱియొక తర్జనభర్జన గలదు. అట్లతద్దికి ముందే యొక వ్యాపారి వచ్చి పడవను బేరమాడెను. ఇప్పుడందఱును ఫైబరుపడవలు కొనుచుండగా, కొయ్యపడవకు అతడిచ్చెదనన్న ధర తక్కువ గాదు. ఆ సొమ్ముతో ఇద్దఱి మొదటి యేటి ఖర్చులును గడచిపోవును. పిల్లలు పోయిన తరువాత అణియమున నిలుచువా రెవ్వరు? భుజము నొచ్చిన మనిషి ఒంటరిగా రెండు చివరల పని చేయలేడు గదా. ఏటేట గట్టుకెక్కించి, పలకల సందులలో నార కూర్చి, గుగ్గిలమును నూనెతో మరిగించి పూయుట గూడ చిన్నపని కాదు. మావారు వ్యాపారికి కార్తికము వెళ్లనిమ్మని చెప్పి పంపిరి.

అట్లతద్దినాడు అమ్మాయి తెల్లవాఱకమునుపే లేచి, చెలికత్తెలతో గోంగూరపచ్చడియు పెరుగన్నమును తిని, మామిడికొమ్మకు వేసిన ఉయ్యాల నూగి, తెలతెలవాఱుచుండగా గోరింట పండిన చేతులతోనే వచ్చి గడ పట్టినది. ఉయ్యాలవద్దనున్న పిల్లలలో ఇద్దఱికి మాఘమున పెండ్లి నిశ్చయమైనది. మా అత్తగారు ఆ మాట రెండుమాఱులు మాకు వినబడునట్లు చెప్పిరి. ఆ సాయంకాలము చంద్రోదయమైన తరువాత అట్లు వాయనమిచ్చుచు, అమ్మాయి నాయనమ్మ పాదములకు నమస్కరించగా, ఆమె దీవించి, కన్నులొత్తుకొని లోనికి పోయెను.

నాగులచవితి గడచిన మూడవనాడు, అక్టోబరు 28న, మొంథా తుపాను వచ్చినది. రెండు దినములు ముందే అధికారులు హెచ్చరించి, లంకలవారిని ఒడ్డునకు రమ్మనిరి. శరత్తు మా ప్రాంతమున వెన్నెలకెట్లో తుపానులకు నట్లే కాలము. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపానులో వేయిమందికి పైగా మరణించిరి. కోనసీమలో కొబ్బరితోటలకు తోటలే పడిపోయినవి. మా అత్తగారు ఆ రాత్రిని కన్నులార చూచినది. అందుచే ఈ మాఱు ఆమెయే అందఱికంటె ముందు మూట గట్టినది. మూట గట్టుచు, "పడవనేమి చేయుదురు?" అని యడిగినది.

మావారు గట్టుమీదికి లాగింతమనిరి. లాగుటకు మనుష్యులేరి? అందఱును పశువులను, ధాన్యమును దాటించు తొందరలో నున్నారు. అప్పుడామె చెప్పినది: "1996లో మీ నాన్న పడవను నీట ముంచినారు. ఇంజను విప్పించి, చిన్నపాయలో మొగదల కట్టి, లోపలినిండ నీరు పోయించినారు. గాలి ఎగురవేయుటకు పడవ పైకి కనబడనేలేదు. గట్టున నిలిపినవారి పడవలు చెక్కలైనవి."

మాయింట ఎవ్వరికిని ఆ సంగతి తెలియదు. ఆమె ముప్పదియేండ్లుగా చెప్పలేదు. చెప్పవలసిన పని రాలేదు. వెంటనే అబ్బాయి ఇంజను విప్పినాడు. దానిని గోనెసంచులలో చుట్టి, ఇద్దఱు యువకుల సాయమున ఒడ్డునకు దాటించితిమి. అమ్మాయియు మేమును పడవను గడతో త్రోయుచు, లంకకు వెనుకనున్న చిన్నపాయలోనికి చేర్చితిమి. మావారు గట్టుననుండి త్రాళ్లు ఎచ్చట కట్టవలెనో చెప్పిరి. నాలుగు మూలలను నాలుగు కొబ్బరిబోదెలకు గట్టి, బకెట్లతో నీరు పోయ మొదలిడితిమి. తాను కంటికిరెప్పవలె చూచికొనిన పడవను చేజేతుల ముంచుట ఎంత కష్టమో చెప్పలేము. అంచు మునుగునంతలో ఒక త్రాడు చుక్కానికి చిక్కుపడినది. అమ్మాయి జాకెట్టుతోనే నీటిలోనికి దిగి, చేతితో తడవి, ముడి విప్పి, త్రాటిని సరిచేసి పైకి వచ్చినది. గట్టుమీద మా అత్తగారు గొడుగు పట్టుకొని నిలుచుండి చూచుచున్నది. ఏమియు ననలేదు.

ఆ రాత్రి ఒడ్డుననున్న యొక బడిలో, పునరావాసకేంద్రమున, తలదాచుకొంటిమి. అర్ధరాత్రి వేళ తుపాను నరసాపురము దగ్గఱ తీరము దాటెనని తరువాత తెలిసినది. కరెంటు లేదు, గాలి పెంకులను పెఱుకుచున్న చప్పుడు. పిల్లలు ఇంజనుకు ఇరుప్రక్కల పడుకొని నిద్రపోయిరి. మా అత్తగారు చీకటిలో మెల్లగా, "అమ్మాయీ, విశాఖపట్టణములో హాస్టలుకు గోడలు గట్టివేనా?" అని యడిగెను. "గట్టివేనట, అత్తయ్యగారూ" అంటిమి. కొంతసేపటికి ఆమెయే, "హాస్టలే ఈ పిల్లకు భయపడవలెను గాని, ఇది హాస్టలుకు భయపడదులే. పోనీయండి" అనెను. ఆ చీకటిలో మావారు నవ్విన చప్పుడు వినబడినది. తుపాను నడుమ మాయింటివారు నవ్విన సంగతి ఒడ్డువారెవ్వరికి చెప్పినను నమ్మలేదు.

మఱునాడు గాలి తగ్గిన పిదప లంకకు పోయి చూడగా, అరటితోట నేలకొఱిగి యున్నది. మా పెరటి కొబ్బరిచెట్లలో రెండు విఱిగినవి. పశువులపాక కప్పు లేదు. పడవమాత్రము నీటిక్రింద ఆకులు కప్పుకొని పడుకొనియున్నది. దానిని తోడి తేల్చుటకు ఒకదినము పట్టినది. ఒక్క పలకయు చెడలేదు. తేలిన పడవలో కూర్చుండి మావారు, "దీనిని అమ్మలేను" అనిరి. పిల్లల ఖర్చులకు విద్యార్థివేతనము కొంత, చీటీపాట సొమ్ము కొంత, మా మెడలోని గొలుసు కొంత కలిపి సరిపెట్టుకొందుమని ఆ రాత్రియే లెక్క వేసితిమి.

కాని అణియమున నిలుచువా రెవ్వరను ప్రశ్న అట్లే మిగిలినది. దానికి జవాబు అమ్మాయి చెప్పినది: "అమ్మ యున్నది గదా!"

ఇరువది సంవత్సరములుగా మేమీ పడవలో నెక్కి దిగుచుంటిమి గాని, నడుమ పలకయే మా స్థానము. త్రోయుమన్నప్పుడు త్రోయుటయే గాని గడ వేసి లోతు చెప్పుట ఎన్నడును మాపని గాదు. కార్తికమాసమంతయు తెల్లవాఱుజామున నదీస్నానమైన వెంటనే మాకు పాఠములు జరిగినవి. గడను నీటిలో గుచ్చరాదు, జాఱవిడువవలెను. అడుగు తగిలిన మఱుక్షణమున లాగవలెను. ఆలసించిన ఇసుక గడను పట్టుకొనును, పడవ ముందుకు పోవును, గడతోపాటు మనిషియు పోవును. ఇసుకకు తగిలిన గడ గరగరమనును. ఒండ్రుకు తగిలిన మెత్తగా దిగును. "అమ్మా, నీటిని చూడకు, గడ చెప్పునది వినుము" అని అమ్మాయి గద్దించుచుండును. మూడవ నియమము ప్రకారము మేము నోరెత్తరాదు. ఈమె చిన్నప్పుడు పలకమీద మేము దిద్దించిన అక్షరములు జ్ఞప్తికి వచ్చి, అప్పుడు మేమింత కోపపడితిమా యని తలచుకొని నవ్వుకొంటిమి. పూర్ణిమ నాటికి అరచేతులు కాయలు గాచినవి. మాసాంతమునకు లోతులు తడబడక చెప్పగలిగితిమి. బడిపిల్లల తల్లులు రేవున నిలిచి మొదట వింతగా చూచిరి, వారిలో నొకతె, "మాకును నేర్పరాదా?" అని యడిగినది. రాబోవు యేట ఆమె పాఠము మాయొద్ద.

కార్తికామావాస్య మఱునాడు పోలిపాడ్యమి. అత్తగారి గర్వము నెఱిగిన పోలి యను చాకలియింటి కడగొట్టు కోడలు, ఇంటిలోనే దొరికిన ప్రత్తితోను వెన్నతోను దీపము వెలిగించి, బొందితో స్వర్గమునకు పోయినదను కథ మీరందఱును చెప్పికొనునదే. ఆ తెల్లవాఱుజామున రేవునిండ స్త్రీలు అరటిదొప్పలలో దీపములుంచి నీటిలో విడిచిరి. అరటితోటలు పడిపోయిన యేడు గనుక దొప్పలకు కొదువలేదని ఎవ్వరో నవ్వుచు అనిరి. మా అత్తగారును, అమ్మాయియు, మేమును మూడు దొప్పలు విడిచితిమి. మూడింటిలో అమ్మాయిది ముందుగా ప్రవాహములో పడి పోయినది. "దానికి పాయ తెలియును" అని మా అత్తగారనెను.

తల్లులారా, పిల్లలు పోవునప్పుడు ఇల్లు చిన్నబోవునని అందఱును చెప్పుదురు. నిజమే. రెండు కంచములు గూటిలో నుండిపోవును. వండిన కూర మిగిలిపోవును. ఆ బాధకు మందు చెప్పగలవారము గాము. కాని పోవుటకు ముందున్న నెలలను కన్నీటితోను, కట్టుకొనిపోవు సామానుల జాబితాలతోను నింపివేయక, పిల్లలకు వచ్చిన విద్యలో నొకదానిని వారియొద్దనే కూర్చుండి నేర్చికొనుడు. అది కుట్టుమిషనుకు నూనె వేయుటయే కావచ్చును, బ్యాంకులో కాగితము నింపుటయే కావచ్చును, చేతిఫోనులో లెక్కలు చూచుటయే కావచ్చును. నేర్పువారిగా మనయెదుట నిలిచినప్పుడు గాని మన పిల్లలు ఎంత పెద్దవారైరో మన కన్నులకు కనబడదు. వారికిని, తాము లేనప్పుడు ఇంటి పని ఆగదను ధైర్యము కలుగును. వెనుకకు చూచుచు పోవు పిల్లకంటె, ధైర్యముతో పోవు పిల్ల బాగుగా చదువును.

అమ్మాయి తన నోటుపుస్తకములో రేవునుండి రేవునకు గల దారినంతయు మాకై వ్రాసియిచ్చినది. ఏ తాడిచెట్టును ఏ గుడిశిఖరముతో సరిచూచికొనవలెనో, ఎచ్చట ఎన్ని మూరల నీరున్నదో అన్నియు నందున్నవి. కడపటి పుటలో, "ఇది రాబోవు వరదవఱకే పనికివచ్చును. తరువాత మీరే వెదకికొనవలెను" అని వ్రాసినది. వచ్చు ఆశ్వయుజమునకు గడకు క్రొత్త పసుపుగుడ్డలు కట్టవలెను. గుడ్డ ఇప్పటికే చింపి, తడిపి, ఆరవేసితిమి.